మెత్తని గోడ, గట్టి నడికట్టు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే ఏ రోడ్డు మీదైనా పికప్పులను కాసేపు గమనించండి. నరసరావుపేట వైపు నుంచైనా సరే, మార్టూరు, చిలకలూరిపేట వైపు నుంచైనా సరే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకుని యార్డుకు పోయే బండి ఒదిగి, కుదురుగా పోతుంది. అదే బండి సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. డ్రైవరు నడుము పట్టేసేది ఆ తిరుగు ప్రయాణంలోనే.

కారణం బండి కట్టుబడిలో ఉంది. పికప్పు వెనక భాగం కమాన్ స్ప్రింగు కట్టల మీద ఆనుకుని ఉంటుంది. టన్ను, టన్నున్నర బరువుకు వంగేలా పేర్చిన ఆ కమాన్లు ఖాళీ తొట్టికి వంగవు. అప్పుడు రోడ్డుకూ మన వెన్నుకూ మధ్య పనిచేసే స్ప్రింగు ఇక ఒకటే మిగులుతుంది. అదే టైరు. అందులోనూ దాని పక్కగోడ, అందరూ సైడ్‌వాల్ అనేది. అరచేతి మందం కూడా లేని ఆ రబ్బరు గోడ నిమిషానికి వందల సార్లు వంగి లేస్తూ మనల్ని ఇంటికి చేరుస్తుంది. టైర్లు గుండు అయ్యాయనో, పగుళ్ళు వచ్చాయనో కొత్తవి వేయించుకునేటప్పుడు చాలామంది ధర, కంపెనీ పేరు అడిగి ఊరుకుంటారు. ఆ వస్తువును చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళు తక్కువ. చూడాలి. అంత పనితనం ఉన్న వస్తువు మన ఇంట్లో ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

మన పల్లెలు గాలి టైరు సుఖాన్ని మొదట ఎరిగింది మోటారు బండి వల్ల కాదు. ఇనప పట్టా చుట్టిన కొయ్య చక్రాల బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు ఎద్దుకూ మనిషికీ ఒకేసారి హాయి తెలిసింది. అదే ఒంగోలు జత అదే డొంకలో ఎక్కువ బరువు తేలిగ్గా లాగింది. గాలి నింపిన చక్రం ఆలోచనకు స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1840లలోనే పేటెంటు తీసుకున్నాడు. దాన్ని జనం వాడకంలోకి తెచ్చింది 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్. ఆయన పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి మొదలుపెట్టిన పని అది. అంటే ఈ వస్తువు పుట్టిందే కుదుపు తగ్గించడానికి. బరువు మోయడం, వేగం, మన్నిక అన్నీ తర్వాత వచ్చి చేరాయి.

పత్తి పండించే సీమలో చెప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. తొలినాళ్ళ టైరులో రబ్బరుకు బలమిచ్చింది నూలు. నూలు దారాల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటికి రబ్బరు పట్టించేవారు. తర్వాత రేయాన్ వచ్చింది, నైలాన్ వచ్చింది, పాలియెస్టర్ వచ్చింది. ఇవాళ టైరు మీద ‘6 ప్లై’, ‘8 ప్లై’ అని కనిపించే మాట ఆ నూలు కాలపు లెక్క. లోపల ఎనిమిది పొరలున్నాయని దాని అర్థం కాదు. పాత లెక్కలో ఎనిమిది నూలు పొరలు ఎంత మోసేవో అంత మోయగలదని. నిజానికి లోపల ఒకటో రెండో పాలియెస్టర్ పొరలే ఉండవచ్చు.

అసలు పనితనం ఆ పొరలను ఏ దిక్కుగా పరిచారన్న దాంట్లో ఉంది. మన మెకానిక్కులు ‘నైలాన్ టైరు’ అని పిలిచే పాత రకంలో దారాలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. నులక మంచం అల్లికను తలుచుకోండి. ఒక మూల ఒత్తితే మంచమంతా లాగుతుంది. నైలాన్ టైరు పక్కగోడ వంగినప్పుడు నేలకు తాకే భాగం కూడా అలాగే మెలిపడుతుంది. దారాలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంటు తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చిన రేడియల్ టైరు ఈ చిక్కును విడదీసింది. దారాలను ఒక అంచు నుంచి రెండో అంచుకు సూటిగా, అడ్డంగా పరిచారు. పక్కగోడలో ఒకదానికొకటి అడ్డుపడే దారాలు లేకపోయేసరికి అది హాయిగా వంగుతుంది. పైన, నేలకు తాకే భాగం కింద, ఉక్కు తీగల పట్టీలు నడికట్టులా బిగించారు. దాంతో ఆ భాగం, అంటే బటన్, నేల మీద సమంగా పరుచుకుంటుంది. వంగవలసిన చోట వంగడం, వంగకూడని చోట బిగిసి ఉండడం ఒకే వస్తువులో కుదిరాయి. రేడియల్ గొప్పతనమంతా ఇదే.

అరిగిన టైరుకు కొత్త బటన్ వేసే రీబటన్ షాపుల్లో కోసి పారేసిన పాత టైరు ముక్క దొరికితే పక్కకు తిప్పి చూడండి. పైన బటన్ రబ్బరు. అది కార్బన్ నలుపుతో గట్టిపడిన రబ్బరు, కొన్నింటిలో సిలికా కూడా కలుపుతారు. దాని కింద చాలా రకాల్లో నైలాన్ చుట్టు, ఆ కింద ఉక్కు పట్టీలు రెండు. ఉక్కు తీగ పలచని ఇత్తడి పూతతో మెరుస్తుంది. ఆ పూత సోకు కోసం పూసింది కాదు. రబ్బరు ఉక్కును నేరుగా పట్టుకోదు. అచ్చులో ఉడికేటప్పుడు రబ్బరులోని గంధకం ఇత్తడిలోని రాగితో కలిసి ఒక సన్నని పొర కడుతుంది. ఉక్కునూ రబ్బరునూ ఏళ్ళ తరబడి విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పొరే. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. అదే గంధకం ఇక్కడ రెండో పని కూడా చేస్తోంది. టైరు లోపలి ముఖాన నున్నగా కనిపించేది బ్యూటైల్ జాతి రబ్బరు పొర. ట్యూబు లేని టైరులో గాలిని ఆపేది అదే. అంచుల్లో ఉక్కు తీగల కట్ట, అంటే బీడింగు. పక్కగోడ రబ్బరు మాత్రం వేరే వంటకం. సహజ రబ్బరు వాటా ఎక్కువ, సాగే గుణం ఎక్కువ. ఎండకూ గాలికీ పగలకుండా అందులో కలిపిన మైనం, రక్షణ మందు మెల్లగా పైకి ఊరుతుంటాయి. నిలవ ఉన్న కొత్త టైరు మీద గోధుమ రంగు ఛాయ కనిపిస్తే పాత సరుకని కంగారు పడకండి. ఆ మైనమూ రక్షణ మందూ తమ పని చేస్తున్నాయన్నమాట.

గాలి నింపిన రేడియల్ టైరు పక్కగోడ మీద చెయ్యి వేసి మెల్లగా చుట్టూ నిమిరితే ఒకటి రెండు చోట్ల నిలువుగా సన్నని లోతు తగలవచ్చు. కొందరు దాన్ని లోపమనుకుని తిప్పి పంపేస్తారు. లోపల పాలియెస్టర్ పొరను గుండ్రంగా చుట్టాక రెండు కొసలను ఒకదాని మీద ఒకటి వేసి అతికిస్తారు. అతుకు దగ్గర దారాలు రెట్టింపు. గాలి ఒత్తిడికి మిగతా గోడ కాస్త సాగితే అతుకు అంత సాగదు, లోపలికి నొక్కుకున్నట్టు కనిపిస్తుంది. అది బలహీనత కాదు. లోతుకు భయపడనక్కర్లేదు, ఉబ్బుకు మాత్రం భయపడాలి. గోడ ఎక్కడైనా బయటికి ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయని అర్థం. ఆ టైరు ఇక రోడ్డెక్కకూడదు.

ఈ పనితనం ఎక్కడో దూరదేశంలో లేదు. ఎమ్మారెఫ్ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్లు చేసే చిన్న షెడ్డుగా మొదలైంది. తర్వాత మెదక్ సీమలోని సదాశివపేటలో దాని టైర్ల ఫ్యాక్టరీ వెలిసింది. అపోలో ఫ్యాక్టరీ పాత చిత్తూరు జిల్లా చినపాండూరులో 2020లో పని మొదలుపెట్టింది. దానికి దగ్గర్లోనే ఉన్న శ్రీసిటీలో 2016 ఏప్రిల్ నుంచి ఇసుజు కంపెనీ డి-మ్యాక్స్ పికప్పులు తయారు చేస్తోంది. పికప్పూ, దాని కాళ్ళకు తొడిగే టైరూ ఒకే సీమలో పుడుతున్నాయి. దుకాణంలో చేతికొచ్చే టైరు మన పక్క ఊరి పిల్లలు షిఫ్టులో నిలబడి అచ్చు తీసినది కావచ్చు. కొత్త టైరు మీద వెంట్రుకల్లా నిలబడే రబ్బరు పోగులు ఆ అచ్చు గుర్తులే. 150 డిగ్రీలకు పైబడిన వేడిలో రబ్బరు అచ్చును నింపేటప్పుడు గాలి బయటికి పోవడానికి వదిలిన సన్నని రంధ్రాల్లోకి పాకిన రబ్బరు అది.

ఇక ఎంపిక సంగతి.

పక్కగోడ మీద ‘215/75 ఆర్ 15’ అని ఉందనుకోండి. బొలెరో పికప్పుల్లో తరచు కనిపించే కొలత ఇది. ఎక్కువ బరువు మోసే రకాల్లో 7.00 ఆర్ 15 కూడా ఉంటుంది. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో గోడ ఎత్తు నూటికి 75 పాళ్ళు, అంటే సుమారు 161 మిల్లీమీటర్లు. నడుము సుఖాన్ని నిర్ణయించే అంకెల్లో ఇది మొదటిది. గోడ ఎంత ఎత్తయితే గతుకును మింగడానికి అంత జాగా. 15 అంటే డిస్కు, అంటే రిమ్ము, కొలత అంగుళాల్లో.

ఆ పక్కన చిన్నగా ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఎక్కువమంది చూడనిదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఆ అంకే. బరువు సూచిక. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 104 అయితే 900, 106 అయితే 950, 108 అయితే 1000 కిలోలు. 106/103 అని జంటగా ఉంటే మొదటిది టైరు ఒంటరిగా మోసే బరువు, రెండోది జంట టైర్లుగా వేసినప్పుడు ఒక్కోటి మోసేది. ఒకే కొలతలో, ఒకే కంపెనీలో కూడా కారు జాతి టైరు 100తోనూ, లైట్ ట్రక్ జాతి టైరు 106తోనూ దొరకవచ్చు. మొదటిది మెత్తన, రెండోది గట్టి. ఎందుకంటే రెండో దాని గోడలో పొరలు దళసరి, బీడింగు బరువు, నింపే గాలి ఎక్కువ. ఖాళీ బండిలో ఆ గట్టిదనమంతా నేరుగా సీటులోకి వస్తుంది.

గుంటూరు-చిలకలూరిపేట రోడ్డు పక్కనున్న ఒక టైర్ల షాపులో విన్న మాటలు ఇవి.

“బాబాయ్, ఎనిమిది ప్లై వెయ్యి. గట్టిగా ఉంటది,” అన్నాడు పికప్పు కుర్రాడు.

మేస్త్రి పాత టైరు లోపలికి చెయ్యి పెట్టి తడుముతూనే అడిగాడు. “నువ్వు మోసేదేందబ్బాయ్?”

“కూరగాయలు. అప్పుడప్పుడు పురుగుమందు డబ్బాలు. ఆదివారం ఇంట్లోవాళ్ళు.”

“దానికి ఎనిమిది ప్లై దేనికి? నడుం పోగొట్టుకోటానికా?”

ఆ మేస్త్రి అడిగిన మొదటి ప్రశ్నే టైరు ఎంపికలో అసలు ప్రశ్న. ఏం మోస్తావు? కావలసినంత బలం తీసుకో, అంతకు మించి తీసుకోకు. అవసరానికి మించిన బలానికి ప్రతి గతుకులోనూ నడుముతో వెల కట్టాల్సి వస్తుంది.

ఇదే మాటను తిరగేసీ చెప్పాలి. మిర్చి టిక్కీ ఒకటి సుమారు 40 నుంచి 45 కిలోలు. నలభై టిక్కీలు వేశారంటే 1,600 నుంచి 1,800 కిలోలు. అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. దానికి ఇరుసు సొంత బరువు, బాడీ బరువు కలపండి. మిర్చి ఎత్తుగా పేర్చే సరుకు కాబట్టి మలుపులో బరువంతా ఒక పక్క టైరు మీదికి ఒరుగుతుంది. ఆ బండికి మెత్తగా ఉంటుందని కారు టైరు వేయడం ప్రాణాలతో చెలగాటం. అమెరికాలో కారు జాతి టైరును పికప్పుకు వేస్తే దాని మోతను 1.10తో భాగించి లెక్కగడతారు. 800 కిలోలు రాసి ఉన్న టైరు పికప్పు కింద 727 కిలోలకే లెక్క. మిర్చి, పత్తి తోలే బండికి కంపెనీ రాసిన బరువు సూచిక కంటే ఒక్క అంకె తగ్గినా ఒప్పుకోవద్దు. ఆ బళ్ళవాళ్ళు సుఖాన్ని బటన్ రకంలో, గాలిలో, బిగింపులో వెతుక్కోవాలి. ఆ మూడింట్లోనూ బోలెడంత ఉంది.

బటన్ రకాలు ముఖ్యంగా మూడు. హైవే బటన్, అన్ని దారులకూ పనికొచ్చే ఏటీ, బురద కోసం చేసిన ఎంటీ. ఈ మధ్య పెద్ద పికప్పులకు సోకు కోసం ఎంటీ టైర్లు వేయించే మోజు పెరిగింది. చూడ్డానికి దిట్టంగా ఉంటాయి. కాని వాటి పెద్ద దిమ్మల మధ్య ఉన్న ఖాళీలు సిమెంటు రోడ్డు మీద రొద పెడతాయి, గోడ దళసరి, బరువు ఎక్కువ. రోజూ జాతీయ రహదారి మీద ఒంగోలు వెళ్ళొచ్చేవాడికి అది శిక్ష.

నల్లరేగడి సంగతి వేరేగా చెప్పాలి. వానాకాలంలో రేగడి టైరుకు పట్టిందంటే బటన్ గాళ్ళన్నీ పూడి టైరు నున్నటి మట్టి చక్రమైపోతుంది. అక్కడ అంచులు విశాలంగా తెరుచుకున్న ఏటీ బటన్ తనను తాను దులుపుకుంటుంది, హైవే బటన్ దులుపుకోలేదు. కాబట్టి జూలై నుంచి పొలం గట్టు దాకా బండి పోక తప్పని రైతుకు ఏటీయే సరి. కాని మిర్చి కోతా, కల్లమూ, యార్డు ప్రయాణాలూ సాగేది ఎండిన నేల మీద. ఊళ్ళోంచి తారు రోడ్డు, తారు రోడ్డు నుంచి హైవే. ఏడాదిలో ఎక్కువ కిలోమీటర్లు అవే అయితే హైవే బటన్ వేసుకోండి. రెండూ కలిసిన బతుకైతే దిమ్మలు మరీ పెద్దవి కాని, నడుమ గీత తెగకుండా సాగే నెమ్మదైన ఏటీ రకం చూసుకోండి. నా ఓటు దానికే.

ఇంకో బెడద పత్తి మోళ్ళు. పత్తి కట్టె కోశాక చేలో మిగిలే ఏటవాలు మొనలు, గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు. మొన బటన్‌లో దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేసి బాగు చేయవచ్చు. పక్కగోడలో దిగితే బాగుచేయకూడదు. ఎంత నమ్మకంగా చెప్పినా వినొద్దు. నిరంతరం వంగే చోట అతుకు నిలవదు. చేలోకి దిగే బండికి మరీ పలచని గోడ పనికిరాదనడం ఇందుకే. మెత్తదనానికి ఉన్న హద్దు ఇదే.

బటన్‌లో నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచే పనితనం ఒకటుంది, కంటికి వెంటనే ఆనదు. టైరును నిలబెట్టి అంచు దిమ్మలను ఒక్కొక్కటీ కొలుస్తూ పోండి. అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒకటి కాస్త పొట్టి, పక్కది కాస్త పొడుగు, తర్వాతది మధ్యస్థం. అన్నీ సమానంగా ఉంటే ప్రతి దిమ్మా రోడ్డును ఒకే వ్యవధిలో కొట్టి, అన్నీ కలిసి ఒకే స్వరంలో ఊళ పెడతాయి. పొడవులు మార్చి, ఏ వరసలో ఏది రావాలో లెక్కగట్టి పేర్చడంతో ఆ శబ్దం చెదిరి మెల్లని హోరుగా మారుతుంది. గాళ్ళ అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు బుడిపెలు కూడా కొన్నింటిలో ఉంటాయి. ఇరుక్కున్న రాయిని బయటికి నెట్టడానికి పెట్టినవి. చీమకుర్తి గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో, ఆ చిప్స్ రాలే మలుపుల్లో, ఆ బుడిపెల విలువ తెలుస్తుంది.

పెద్ద కొలతల మోజు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 215/75 ఆర్ 15 తీసి 235/75 ఆర్ 15 వేస్తే చక్రం వ్యాసం సుమారు 703 నుంచి 733 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి దాదాపు 63లో పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ఇంకా ముఖ్యం, కమాను కింద వేలాడే బరువు పెరుగుతుంది. చక్రం ఎంత బరువైతే గతుకులో అది అంత మొండిగా ఎగురుతుంది, షాక్ అబ్జార్బరు దాన్ని అంత కష్టంగా ఆపుతుంది.

డిస్కు పెద్దదై గోడ చిన్నదైతే మరీ నష్టం. డి-మ్యాక్స్ వి-క్రాస్ తొలి బళ్ళు 245/70 ఆర్ 16 టైర్లతో వచ్చాయి. తర్వాత వచ్చిన పై రకాలకు 255/60 ఆర్ 18 వేశారు. మొదటి దాని గోడ ఎత్తు 171 మిల్లీమీటర్లు, రెండో దానిది 153. పెద్ద అల్లాయ్ చూడ్డానికి బావుంటుంది. కాని కుదుపును మింగే జాగాలో 18 మిల్లీమీటర్లు తగ్గాయి. ఆ బండి ఉన్నవాళ్ళు ఇంకా పెద్ద డిస్కుకు పోవడం మాని, కంపెనీ అనుమతించిన కొలతల్లో 16 అంగుళాల డిస్కు ఉందేమో, బ్రేకుకు తగలకుండా పడుతుందేమో సర్వీసు సెంటర్లో కనుక్కుంటే మంచిది. నాలుగు చక్రాలూ లాగే బండికి నాలుగూ ఒకే కొలత, ఒకే రకం, ఒకే అరుగుదలలో ఉండాలి.

షాపులో టైరు చేతికొచ్చాక తేదీ చూడండి. పక్కగోడ మీద గుండ్రటి గీత లోపల నాలుగు అంకెలుంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఏళ్ళ తరబడి ఎండలో నిలవ ఉన్న సరుకు తక్కువ ధరకు వచ్చినా వద్దు, దాని గోడలో ఆ సాగే గుణం చచ్చిపోయి ఉంటుంది.

ఆ తర్వాత మేస్త్రి పని. మా ఊళ్ళ హైవేల పక్కన ఒకప్పుడు పంచర్ షాపు అంటే మలయాళీలదే. వాళ్ళ దగ్గర పని నేర్చుకున్న మనవాళ్ళు ఇప్పుడు ఎందరో. మంచి మేస్త్రి చేసే పని చూస్తే ఫ్యాక్టరీలో జరిగిన పనికి అది కొనసాగింపు అనిపిస్తుంది. డిస్కు అంచును తీగ బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్దుతాడు. ఇసక రేణువు మిగిలినా గాలి మెల్లగా కారుతుందని అతనికి తెలుసు. కొత్త వాల్వు వేస్తాడు. పాతది పనిచేస్తోంది కదా అంటే వినడు. బీడింగుకు సబ్బు నీళ్ళు పట్టిస్తాడు. గ్రీజు, ఆయిలు దగ్గరికి రానివ్వడు, అవి రబ్బరును తింటాయి. తర్వాత టైరు మీద చిన్న రంగు చుక్కలు వెతుకుతాడు. పసుపు చుక్క టైరులో తేలిక భాగానికి గుర్తు. వాల్వు వల్ల డిస్కు బరువెక్కిన చోటి దగ్గరికి దాన్ని తెస్తే రెండూ సరిపోతాయి. ఎర్ర చుక్క ఉంటే అది టైరు గుండ్రదనంలో, బిరుసులో కాస్త ఎత్తైన చోటు. డిస్కు మీద పల్లపు గుర్తు ఉంటే దానికి జోడిస్తారు. టైరును ఎంత జాగ్రత్తగా చేసినా పూర్తిగా గుండ్రంగా రాదని ఒప్పుకుని, ఆ కొద్ది తేడాను ఎక్కడ దాచాలో కూడా ఫ్యాక్టరీ వాళ్ళు చుక్క పెట్టి చెప్పారు. ఇంతకంటే నిజాయితీ గల పనితనం ఏముంటుంది?

గాలి ఎక్కుతుండగా బీడింగు డిస్కులోకి ‘టప్’మని రెండుసార్లు కూర్చుంటుంది. బీడింగుకు పైన టైరు చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. అది డిస్కు అంచు నుంచి అన్ని వైపులా సమాన దూరంలో ఉందా అని మేస్త్రి వంగి చూస్తాడు. ఒక చోట గీత లోపలికి పోయి ఉంటే గాలి తీసి, మళ్ళీ సబ్బు నీళ్ళు పట్టించి కూర్చోబెడతాడు. ఈ పని వదిలేసిన షాపులో ఎంత ఖరీదైన టైరు వేయించినా అరవై దాటగానే సీటు వణుకుతుంది. ఆ తర్వాత బ్యాలెన్సింగు. సరుకు బండికి ఇదెందుకని చాలామంది డబ్బు మిగుల్చుకుంటారు. నాలుగు చక్రాలకూ చేయించండి, స్టెప్నీకి కూడా. చివర్న అలైన్‌మెంటు. కొత్త టైరు ఒక పక్కే అరిగిపోకుండా కాపాడేది అదే.

రెండు టైర్లే కొనగలిగితే కొత్తవి వెనక వేయండి. వెనక పట్టు జారితే బండిని సరిదిద్దుకోవడం ముందు జారినప్పటికంటే చాలా కష్టం. పికప్పుకు బరువూ వెనకే.

గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. దుకాణంలో ఎన్ని వేలు పోసి మెత్తని టైరు కొన్నా పది పాయింట్లు ఎక్కువ కొట్టిస్తే దాన్ని రాయి చేసినట్టే. తక్కువ కొట్టిస్తే గోడ అతిగా వంగి వేడెక్కి దారాలు తెగుతాయి. డ్రైవరు తలుపు పక్కన లేదా బండి పుస్తకంలో ఖాళీకి ఎంత, నిండు బరువుకు ఎంత అని రాసి ఉంటుంది. చాలా పికప్పులకు వెనక టైర్ల అంకెలో పెద్ద తేడా ఉంటుంది. లోడు దించాక ఖాళీ అంకెకు తగ్గించి, మళ్ళీ ఎక్కించే ముందు పెంచే అలవాటున్న డ్రైవర్లు మన దగ్గర తక్కువ. ఖాళీ ప్రయాణాలు చాలా రోజులు వరసగా ఉన్నప్పుడైనా ఈ పని చేసి చూడండి. ఖర్చు లేకుండా దొరికే సుఖం ఇదొక్కటే. లోడెక్కించే ముందు మళ్ళీ పెంచడం మాత్రం మరవకూడదు.

కొలిచేది తెల్లారగట్ల, బండి కదలకముందే. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. 40 పాయింట్లు ఉన్న టైరు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 పాయింట్లు పెరుగుతుంది. మధ్యాహ్నం పరుగు మీదున్న బండిలో ఎక్కువ కనిపించిందని గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. నైట్రోజన్ నింపితే అన్నీ పోతాయంటారు. మామూలు గాలిలోనే వందకు 78 పాళ్ళు నైట్రోజన్. నింపినా తప్పులేదు, కాని పదిహేను రోజులకోసారి గేజి పెట్టి చూసుకోవడం దానికంటే మేలు.

టైరు ఏం చేయలేదో కూడా తెలియాలి. చిన్న గతుకు, తారు అంచు, కంకర, కల్వర్టు దగ్గర సిమెంటు మెట్టు, ఇలాంటి పదునైన దెబ్బలను పక్కగోడ మింగుతుంది. నల్లరేగడి మీద వేసిన రోడ్డు వానకు ఉబ్బి, ఎండకు కుంగి అలలుగా మారుతుంది. దర్శి, అద్దంకి చుట్టుపక్కల ఆ అలలు అందరికీ అనుభవమే. వాటి మీద బండి ఊగుతూ, ఊపు ఆగకుండా పోతుంటే తప్పు టైరుది కాదు. షాక్ అబ్జార్బర్లు కారిపోయి ఉంటాయి, లేదా కమాన్ పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదాని మీద ఒకటి జారడం మానేసి ఉంటాయి, లేదా బుష్‌లు అరిగి ఉంటాయి. వాటిని చూపించుకోకుండా టైర్లు మార్చి ప్రయోజనం లేదు.

రీబటన్ విషయం. పెద్ద లారీల వెనక టైర్లకు మంచి రీబటన్ గౌరవించదగ్గ పని, ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. మనుషులు కూర్చునే పికప్పు ముందు చక్రాలకు మాత్రం వద్దు. బటన్ 1.6 మిల్లీమీటర్లకు అరిగిందని చూపించే చిన్న అడ్డగట్లు గాళ్ళలో ఉంటాయి. బటన్ వాటితో సమమయ్యే రోజుకు టైరు ఆయుష్షు తీరినట్టే. మన వానలకు అంతకు ముందే మార్చడం మంచిది.

ఇంతా చూశాక నా తీర్పు ఇది. ఇంటి అవసరాలు, తేలిక సరుకు అయితే కంపెనీ వేసిన కొలతే, కంపెనీ రాసిన బరువు సూచికే, దాని మీద ఒక్క ప్లై కూడా ఎక్కువ లేకుండా, హైవే బటన్. పొలానికి దిగే బండైతే అదే కొలతలో నెమ్మదైన ఏటీ. మిర్చి, పత్తి తోలే బండైతే పూర్తి బరువు రకం, అందులో హైవే బటన్, ఖాళీకి వేరు గాలి, లోడుకు వేరు గాలి. వచ్చే సీజను మిర్చి కోతకు ముందే, షాపుల్లో రద్దీ లేనప్పుడు, ఒక ఉదయం ఖాళీ చేసుకుని టైర్లు మార్పించండి. మేస్త్రి పక్కన నిలబడి పసుపు చుక్క ఎక్కడుందో అడగండి. చూపించి, వాల్వు దగ్గరికి తిప్పి పెట్టినవాడి చేతికే మీ బండి ఇవ్వండి.